ఆమె లెక్కపెట్టిన మరణాలు

కరోనా వచ్చిపోయాక మా రెండు జిల్లాల్లో ఎంతమంది అదనంగా చనిపోయారో తేల్చే పనికి నన్నూ, డిగ్రీలో నాతో చదువుకున్న ఒకామెనూ కలిపి తీసుకున్నారు. ఏడాదిన్నర పాటు చావుల మధ్యే తిరిగాను. ఆ ఏడాదిన్నరలో నేను ఎక్కువగా పడ్డది దుఃఖం కాదు, అసూయ. చెప్పుకోవడానికి బాగుండదు గానీ నిజం అదే.

పని వినడానికి తేలికగానే ఉంటుంది. కరోనాతో పోయారని ఆసుపత్రులు రాసినవాళ్ల లెక్క ఒకటి ఉంది. అది ఒక్కటే చాలదు. పరీక్ష చేయించుకోకుండా ఇంట్లోనే పోయినవాళ్లున్నారు. గుండెపోటని చెప్పుకున్న ఇళ్లున్నాయి. బస్సుల్లేక, ఆసుపత్రిలో చోటు లేక, వేరే జబ్బులకు మందందక పోయినవాళ్లున్నారు. అందుకని ఎందుకు పోయారని అడగకుండా, ఎంతమంది పోయారన్నదే చూస్తారు. అంతకు ముందు కొన్నేళ్లుగా ఒక మండలంలో ఏ నెలలో ఎంతమంది చనిపోతూ వచ్చారో తీసి, కరోనా రాకపోయి ఉంటే ఎంతమంది పోయేవాళ్లో అంచనా కడతారు. నిజంగా పోయినవాళ్ల సంఖ్యలోంచి ఆ అంచనా తీసేస్తే మిగిలేవి ఆ కాలం తెచ్చిపెట్టిన చావులు. చిన్నపిల్లలు చేసే తీసివేతే. కాకపోతే పైన వేసే సంఖ్య, అంటే నిజంగా పోయినవాళ్ల సంఖ్య, సరైనది కావాలి. మా తగువంతా ఆ పై సంఖ్య దగ్గరే వచ్చింది.

పని నడిపించే ఆయన విశ్వవిద్యాలయంలో గణాంకశాస్త్రం చెప్పి రిటైరైన ప్రొఫెసరు. కర్నూలులో మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకుని, మమ్మల్ని ఆరుగురిని పెట్టుకున్నారు. నాది పత్తికొండ కాబట్టి పత్తికొండ, కోడుమూరు వైపు మండలాలు నాకిచ్చారు. ఆమెది కమలాపురం దగ్గర పల్లె కాబట్టి కడప వైపు ఆమెకిచ్చారు.

మా నాన్నకు పత్తికొండ బజారులో కిరాణా అంగడి ఉండేది. ఇప్పుడు మా తమ్ముడు చూసుకుంటున్నాడు. ఆమె తల్లిదండ్రులు కూలికి పోయేవాళ్లు, వానకు పండే రెండెకరాలు కూడా ఉండేవి. మూడు తరాలుగా క్రైస్తవులు. పాస్టరు రాని ఆదివారాల్లో వాళ్ల నాన్నే చర్చిలో వాక్యం చదివేవాడు. కడపలో డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది. మొదటి ఆరు నెలలు నా నోట్సు చూసి రాసుకుంది. ఆ తర్వాత ప్రతి పరీక్షలోనూ నాకంటే ముందుంది. నేను మాత్రం ఆ ఆరు నెలల సంగతే చాలా ఏళ్లు అందరికీ చెబుతూ వచ్చాను. నా నోట్సు లేకపోతే ఆమె ఎక్కడుండేదని నాలో నేను అనుకునేదాన్ని. ఆ అనుకోవడంలో మా అంగడి, వాళ్ల కూలీ కూడా కలిసే ఉండేవి. ఇప్పుడది ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

పని మొదలయ్యాక మూడు నెలలు నేను ఆఫీసుల చుట్టూ తిరిగాను. పంచాయతీల్లో, సచివాలయాల్లో మరణాల రిజిస్టర్లు తీయించి, పేరు, వయసు, తేదీ, ఊరు ఒక్కటీ వదలకుండా ఎత్తి రాసుకున్నాను. కొన్ని పుస్తకాలకు చెద పట్టింది. కొన్నింటిని బీరువా తాళం లేదని వారం తిప్పి చూపించారు. దుమ్ముకు దగ్గు వచ్చేది. నెలల వారీగా పట్టికలు వేసి, గీతలు గీసి, ఒక్క కొట్టివేత లేకుండా తయారు చేశాను. ఆమె ఎప్పుడు ఫోన్ చేసినా ఎవరింట్లోనో కూర్చుని ఉండేది. వెనక ఆడవాళ్ల మాటలు, మేకల అరుపులు వినిపించేవి. పని మానేసి ముచ్చట్లు పెట్టుకుంది, ఈసారి చిక్కుతుందిలే అనుకున్నాను.

మొదటి సమావేశంలో ప్రొఫెసరుగారు నా పట్టికలు చాలాసేపు చూశారు. ఆయనదీ ఈ సీమే, యాస మార్చుకోలేదు.

"లెక్క శానా శుభ్రంగా ఉండాదమ్మా. అయితే కరోనా నెలల్లో మీ పత్తికొండలో మామూలు కంటే తక్కువమంది సచ్చినారని చూపిస్తాంది. నువ్వు నమ్ముతాండావా?"

రిజిస్టరులో అలాగే ఉందని చెప్పాను. రిజిస్టరు చూపించేది చనిపోయినవాళ్లను కాదనీ, చావు నమోదు చేయించడానికి ఆఫీసు దాకా వచ్చినవాళ్లను మాత్రమేననీ ఆయన నిదానంగా చెప్పారు. ఆఫీసులకు తాళాలు పడి, బస్సులు ఆగిపోయి, మనిషి మనిషిని చూసి తప్పుకున్న రోజుల్లో ఎవరు వచ్చి రాయిస్తారని అడిగారు.

తర్వాత ఆమె కాగితాలు తీసింది. కొట్టివేతలు, బాణం గుర్తులు, ఒక మూల టీ మరక. రిజిస్టరు చూసింది గానీ దాన్ని నమ్ముకోలేదు. చర్చిలో, పాతిపెట్టినవాళ్ల పేర్లు రాసే పుస్తకం చూసింది. సమాధుల తోటలో గుంతలు తవ్వే మనిషిని కలిసింది. ఆశా కార్యకర్తల డైరీలు అడిగి తెచ్చుకుంది. ఆ పైన ఇల్లిల్లూ తిరిగింది. ఆమె తెచ్చిన సంఖ్య రిజిస్టరు కంటే, మామూలు ఏడాది అంచనా కంటే చాలా పైనుంది. ప్రొఫెసరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. హైదరాబాదులో జరిగే సదస్సులో మా తరఫున ఆమే మాట్లాడాలని అక్కడికక్కడే చెప్పారు.

ఆమె నా కోసం కూడా తెచ్చిన టీ అలాగే వదిలేశాను. నేను చెదలు దులిపిన పుస్తకాలన్నీ ఒక్క మాటతో ఎందుకూ కొరగాకుండా పోయాయి. టీ మరక పడ్డ కాగితం గెలిచింది. ఆ రాత్రి కూడా ఇదే మనసులో తిప్పుకుంటూ, ఆమెకేమీ చదువెక్కువ రాలేదు, పల్లె మాట తీరు కలిసొచ్చింది అంతే అని తీర్మానించుకున్నాను.

మా పనిలో ఒక నియమం ఉంది. ఒకరు చేసిన ఇళ్లలో కొన్నింటికి ఇంకొకరు వెళ్లి సరిచూడాలి. ఎవరు ఎక్కడికి వెళ్లాలో ప్రొఫెసరుగారు చెప్పకముందే, ఆమె ఊళ్లు నేను చూస్తానని అడిగి తీసుకున్నాను. ఎందుకు అడుగుతున్నానో నాకు తెలుసు. ఆమెకూ తెలిసే ఉంటుంది. ఏమీ అనలేదు. పైగా ఏ ఇంటికి ఏ దారిన పోవాలో గీసి ఇచ్చింది.

కమలాపురంలో దిగి ఆటోలో పోతే ఆమె పల్లె వస్తుంది. చుట్టూ నల్లరేగడి, శనగ కోసేసిన చేలు. ఏ ఇంటి ముందు నిలబడినా మొదట అడిగేది ఆమె గురించే. ఆ పాప రాలేదా, బాగుండాదా, మళ్లీ ఎప్పుడొస్తాది. నా ప్రశ్నలకు మాత్రం అవును, కాదు అని రెండు మాటల్లో చెప్పి లోపలికి పోయేవాళ్లు. మూడు రోజుల్లో ఒక్క ఇంట్లో కూడా నన్ను కూర్చోమనలేదు. వాళ్ల తప్పేమీ లేదు. నేను పెన్ను పట్టుకుని నిలబడే అడిగేదాన్ని.

నాలుగో రోజు ఒక తప్పు దొరికింది. చర్చి పుస్తకంలోంచి ఎత్తి రాసిన ఒక పేరు చదివి, ఈయన ఇల్లు ఎక్కడని ఒక ముసలమ్మను అడిగాను. ఆమె నన్ను వింతగా చూసింది.

"ఇంతకు ముందర నువ్వు అడిగిన ఆయప్పే గదమ్మా. గుళ్లో ఒక పేరు, ఇంట్లో ఒక పేరు. మనిషి ఒకడే."

బాప్తిస్మం పేరు చర్చి పుస్తకంలోంచి వచ్చింది. ఇంట్లో పిలిచేది తాత పేరు, అది ఇంట్లోవాళ్లు చెప్పారు. ఒకే మనిషి ఆమె లెక్కలో రెండుసార్లు చనిపోయాడు. వెంటనే చేతిలో ఉన్న పేర్ల పట్టీ అంతా వెతికాను. అలాంటివి ఇంకో మూడు దొరికాయి.

కమలాపురం బస్టాండులో కడప బస్సు కోసం కూర్చుని ఆ నాలుగు పేర్ల కింద ఎర్ర గీతలు గీశాను. నాకెంత సంతోషంగా ఉందంటే, ఆకలి వేసి రెండు దోసెలు తిన్నాను. నాలుగు ఇళ్లలో మనుషులు పోయారన్న సంగతి అప్పుడు నాకు గుర్తులేదు. ఫోన్ చేసి, ఇలా జరిగింది, చూసుకో అని ఆమెకు చెప్పి ఉండవచ్చు. నిమిషం పని. ఫోన్ చేతిలోనే ఉంది, చేయలేదు.

తర్వాతి సమావేశంలో అందరి ముందూ లేచి ఆ నాలుగు పేర్లు చదివాను. ఇంతకు మించి కూడా ఉండవచ్చునని, ఈ లెక్కతో హైదరాబాదు పోతే నవ్వుల పాలవుతామని అన్నాను. ఆమె తన కాగితాలు తీసి, ఒక్కో పేరూ చూసుకుంది.

"నిజమే సార్. అది నేను చూసుకోవాల్సింది" అంది.

నా వైపు చూడలేదు. ప్రొఫెసరుగారు ఆమె ప్రయాణం వాయిదా వేశారు. మర్నాడు పొద్దున్నే ఆమె బ్యాగు సర్దుకుని కమలాపురం బస్సెక్కింది.

మూడు వారాల తర్వాత తిరిగొచ్చింది. ముఖం ఎండకు కమిలిపోయింది. రెండు పేర్లున్న ప్రతి మనిషినీ ఇంటింటికీ వెళ్లి సరిచూసి, రెండుసార్లు పడ్డవన్నీ తీసేసింది. అవి నేను భయపెట్టినంత లేవు. కానీ ఈ తిరగడంలోనే ఆమెకు ఇంకొకటి కనిపించింది. మొదటిసారి తాళం వేసి ఉన్నాయని వదిలేసిన ఇళ్లు కొన్ని ఉన్నాయి. ఈసారి వాటి పక్కిళ్లలో అడిగింది. ఒక ఇంట్లో ముసలాయన, ముసలామె వారం తేడాతో పోయారు. ఇంకో ఇంట్లో మొగుడు పోతే ఆమె పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. మీ ఇంట్లో ఎవరు చనిపోయారని అడగడానికి ఇంట్లో ఎవరో ఒకరు మిగిలి ఉండాలి. ఎవరూ మిగలని ఇళ్లు ఎవరి లెక్కలోకీ రాలేదు. వాటిని కలిపితే, తీసేసినవి పోను కూడా ఆమె సంఖ్య ముందుకంటే పెరిగింది.

ప్రొఫెసరుగారు నన్ను పిలిచి, నువ్వు తప్పు పట్టబట్టే లెక్క గట్టిపడిందమ్మా అని మెచ్చుకున్నారు. తిట్టి ఉంటే అంత బాధ ఉండేది కాదు.

ఆ సాయంత్రం మేడ మెట్లు దిగుతుంటే ఆమె వెనకనుంచి పిలిచింది. అప్పటికి నెల రోజులుగా మా మధ్య పని మాటలే తప్ప వేరే లేవు.

"ఏమ్మే, ఒకటి అడుగుతా, ఏమనుకోవాకు. మీ అత్త పేరు నీ పట్టీలో ఉండాదా?"

"ఏ అత్త?"

"మీ నాయన అక్క. హాస్టలుకు చెనిక్కాయల ఉంటలు పంపిస్తాండె గదా. నాకోసరం వేరేగా మూట కట్టేది."

మా మేనత్త చిన్న వయసులోనే భర్త పోయి మా ఇంటికి వచ్చేసింది. పిల్లల్లేరు. నన్నూ తమ్ముణ్నీ పెంచింది ఆమే. కరోనా రెండో విడతలో నాలుగు రోజులు దగ్గి పోయింది. నేను కర్నూలులో ఉన్నాను, వెళ్లలేకపోయాను. ఆ రోజు ఏడుస్తూ నేను ఫోన్ చేసింది ఈమెకే. అది కూడా నేను మరిచిపోయాను.

ఇంటికి వెళ్లి నా పట్టీ తీశాను. పత్తికొండ, ఆ నెల. పేజీ మొత్తం రెండుసార్లు చదివాను. మా అత్త లేదు. ఆ పేజీని నా చేత్తో ఎత్తి రాసుకున్నాను. మా ఇంట్లో మనిషి అందులో లేదని రాసేటప్పుడూ తెలియలేదు, మొత్తాలు వేసేటప్పుడూ తెలియలేదు.

అప్పుడు సిగ్గుపడ్డానని రాస్తే బాగుంటుంది. మొదట వచ్చింది సిగ్గు కాదు. మా అత్తను కూడా నాకంటే బాగా గుర్తుపెట్టుకుందే అని ఒళ్లు మండింది. అత్త ఆమెకు పల్లీ ఉండలు వేరేగా మూట కట్టేదన్న సంగతి నాకు ఇన్నేళ్లూ తెలియదు. ఏడుపు ఆ తర్వాత ఎప్పటికో వచ్చింది.

పొద్దున తమ్ముడికి ఫోన్ చేసి ఎందుకు రాయించలేదని గట్టిగా అడిగాను. ఆ సర్టిఫికెట్టు ఎవరికి కావాలని, అత్త పేరు మీద ఇల్లుందా పొలముందా అని విసుక్కుని పెట్టేశాడు. వాడికి మనసు లేదనుకున్నాను.

నా మండలాల పని మళ్లీ మొదటినుంచి చేయాలి. ఇళ్లకు వెళ్లి అడగడం నాకు రాదని నాకు తెలిసిపోయింది. పత్తికొండకు నాతో రమ్మని ఆమెను అడగడానికి రెండు రోజులు పట్టింది. అడిగితే, సరే ఎప్పుడు పోదాం అంది.

పొద్దున పత్తికొండ టమోటా మార్కెట్టుకు వెళ్లాం. పెట్టెల మధ్య కూర్చుని కాయలు ఏరే ఆడవాళ్ల పక్కన ఆమె కూడా కింద కూర్చుంది, మెత్తబడ్డ కాయలు తీసి పక్కన పెడుతూ మాట్లాడింది. నేను ఇన్నాళ్లూ ప్రతి గుమ్మం ముందూ "మీ ఇంట్లో ఎవరైనా చనిపోయారా" అని అడిగాను. ఆమె చావు మాటే ఎత్తలేదు.

"లాక్‌డౌను రాకముందు సంక్రాంతికి మీ ఇంట్లో ఎంతమంది అన్నం తింటాండ్రి అక్కా?"

వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. అత్త, మామ, మొగుడు, పిల్లలు, మరిది. అందరినీ చెప్పించాక, ఇప్పుడు ఎవరు యాడుండారు అని ఒక్కొక్కరి గురించే అడిగింది. ఒకరు బళ్లారిలో పనికి పోయారు. ఒకరికి పెళ్లయింది. ఒక పేరు దగ్గర చెబుతున్న మనిషి చేతిలో కాయ పట్టుకుని ఆగిపోయింది. ఆమె తొందరపెట్టలేదు. బతికి ఉన్నవాళ్లందరినీ రాశాక, పోయినవాళ్లు వాళ్లంతట వాళ్లే కాగితం మీదికి వచ్చారు.

మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికి వెళ్లాం. తిన్నాక ఆమె మా తమ్ముణ్ని కూడా అదే అడిగింది. వాడు నవ్వుతూ మొదలుపెట్టాడు. నాయన, అమ్మ, నేను, నా పెండ్లాము, ఇద్దరు పిల్లోళ్లు. తర్వాత "అత్త" అని ఆగిపోయాడు. భుజం మీది తువాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

"అత్తను తీసుకుపోయేదానికి ఎవరూ రాలేదక్కా. నేనూ, ట్రాక్టరు తోలే ఆయప్పా. ఆయప్పకూ మా ఇంటికీ ఏ సంబంధమూ లేదు. నీళ్లు పోయలేదు, చీర మార్చలేదు. అత్త శానా శుభ్రం మనిషి. ఆఫీసుకు పోతే ఎట్లా పోయింది, ఎవరు తీసుకుపోయినారు అని అడుగుతారు. అవన్నీ నేను చెప్పలేననే పోలేదు."

వాడు చెబుతున్నది ఆమెకు. నేను అక్కడే, గుమ్మం దగ్గర పళ్లెం పట్టుకుని నిలబడి ఉన్నాను. ఇన్నేళ్లలో వాడు నాకు ఈ మాట చెప్పలేదు. ఫోన్లో వాణ్ని నేను అడిగింది కాగితం గురించి. ఆమె వాణ్ని అడిగింది ఇంట్లో ఎవరుండేవాళ్లని. వాడి మీద జాలి, నా మీద రోత, ఆమె మీద అసూయ, మూడూ ఒకేసారి వచ్చాయి. వాటిలో అసూయే ఎక్కువ. నా తమ్ముడు నా ముందు ఏడవాల్సింది, పరాయి మనిషి ముందు ఏడ్చాడని.

సాయంత్రం కర్నూలు బస్సులో కోడుమూరు దాటాక, కమలాపురం బస్టాండులో ఆ రోజు నేను ఫోన్ చేయకుండా ఊరుకున్న సంగతి ఆమెకు చెప్పాను.

"తెలుసు" అంది.

"కోపం రాలేదా?"

"వచ్చింది. ఇంకా పోలేదు. అట్లని నీతో పని మానుకుంటానా."

కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆమె క్షమించానని చెప్పకపోవడమే నాకు నయమనిపించింది. చెప్పి ఉంటే అందులో కూడా నాకంటే పైమెట్టు ఎక్కిందని లోలోపల కుమిలేదాన్ని.

తర్వాత అయిదు నెలలు నా మండలాలు ఇల్లిల్లూ తిరిగాను. మొదట్లో నేల మీద కూర్చోవడానికి కూడా బిడియంగా ఉండేది. పోను పోను అలవాటైంది. కొన్ని ఇళ్లలో చెప్పారు. కొన్ని ఇళ్లలో చెప్పలేదు. నా పట్టిక తలకిందులైంది. ఆ నెలల్లో తక్కువమంది చనిపోయారని చూపిన గీత ఎంత పైకి లేచిందంటే, ప్రొఫెసరుగారు నా రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టి నివేదికలో వేశారు. ఆఫీసు చెప్పినది ఒకటి, ఇళ్లు చెప్పినది ఒకటి. మా తమ్ముడు మళ్లీ ఎవరూ అడగకుండానే వెళ్లి, పై అధికారి అనుమతి తెచ్చుకుని, ఆలస్యంగానైనా అత్త పేరు రాయించాడు. ఎట్లా పోయిందని ఎవరూ అడగలేదట.

నివేదిక మీద ఆమె పేరు ముందు, నా పేరు తర్వాత పడింది. హైదరాబాదుకు ఆమే వెళ్లింది. అక్కడ ఆమె మాట విని ఇంకొక సంస్థవాళ్లు ఉద్యోగం ఇచ్చారు. ఇప్పుడు వేరే రాష్ట్రాల్లో ఇదే పని నేర్పుతోంది. నేను కర్నూలులోనే ఉన్నాను, ఇంకా ఇళ్లు తిరుగుతున్నాను.

మొన్న ఆమె ఫోన్ చేసి, కొత్తగా చేరినవాళ్లకు ఇళ్లలో ఎలా అడగాలో చెప్పడానికి నన్ను రెండు రోజులు రమ్మంది. నువ్వున్నావు కదా, నేనెందుకని అన్నాను. తాను మొదటినుంచీ అలాగే అడిగేదనీ, అడగడం రానివాళ్లకు ఎక్కడ కష్టమో తనకు తెలియదనీ, అది నాకే తెలుసనీ చెప్పింది. వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక అది పొగడ్తో ఎత్తిపొడుపో తేల్చుకోలేక చాలాసేపు కూర్చున్నాను. తర్వాత లేచి రైలు టికెట్టు తీసుకున్నాను.